దీపం మీద బొట్టు

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మా ఆఫీసులో అందరికీ తెలుసు, లిఫ్టుకి కూడా తెలుసు. ఆ కోపం పుణ్యమా అని నాకు రెండో ఉద్యోగం దొరికింది. మొదటిది సర్వరూ, కంప్యూటర్లూ, వైర్లూ చూసుకోవడం. రెండోది పంతులమ్మగా ఉండడం.

మా ఆఫీసు రాయదుర్గం మెట్రో స్టేషన్ వెనక సందులో ఉంది. చుట్టూ అద్దాల టవర్లు, వాటి మధ్య ఇరుక్కుపోయిన ఒక పాత భవనం, దాని పై అంతస్తు మాది. చిన్నపిల్లలకు తెలుగులో బొమ్మల పాఠాలు తయారుచేస్తాం. ఒకసారి ప్రింటరు బాగుచేస్తానని వచ్చి, బాగున్న భాగాన్ని కూడా పాడుచేసిన ఒక మహానుభావుణ్ణి నేను నిలబెట్టి కడిగేస్తుంటే, మా సార్ తలుపు దగ్గర నిలబడి విన్నారు. ఆయనకు నా కోపం రుచించిందో ఏమో, "ఈ గొంతేనండీ నేను ఇన్నాళ్లూ వెతుకుతున్నది!" అన్నారు. ఆ మరుసటి వారం నుంచి మా పాఠాల్లో పంతులమ్మ గొంతు నాది.

పంతులమ్మ ఉంటే సరిపోదు. ఆమెను ఎదురు ప్రశ్నలు అడిగి ప్రాణం తీసే కాకి కూడా కావాలన్నారు సార్. ఆ కాకి ఆయనకు ఆటోలో దొరికింది.

మా ఆఫీసులో పొద్దున తాళాలు తీయడం, టీ పెట్టడం, వచ్చినవాళ్లను కూర్చోబెట్టడం, పండగొస్తే పూజ చేయడం, అన్నీ చూసుకునే అక్క ఒకామె ఉంది. హఫీజ్‌పేట్ నుంచి లోకల్ రైల్లో వస్తుంది. నేను గుంటూరు వైపు నుంచి వచ్చినదాన్ని, ఆమె ఇక్కడే పుట్టి పెరిగింది. నేను ఆమెను అక్కా అంటాను, ఆమె నన్ను చెల్లె అంటుంది. ఆమె భర్త ఆటో నడిపేవాడు. ఆ లెక్కన ఆయన నాకు బావగారు. ఒక వానరోజు సార్‌ను ఎక్కించుకున్నప్పుడు ఆటో హారన్ పనిచేయలేదట. బావగారు ఏమాత్రం పరేషాన్ కాకుండా తల బయటికి పెట్టి కాకిలా అరుస్తూ దారి చేసుకుంటూ పోయాడట. కార్లవాళ్లు ఉలిక్కిపడి పక్కకి జరిగారట. ఆఫీసుకు చేరేసరికి సార్ సగం తడిసిపోయి, పూర్తిగా మురిసిపోయి ఉన్నారు.

అలా మా కాకి హైదరాబాదు మాటే మాట్లాడింది. "ఏంది పంతులమ్మా, భూమి గుండ్రంగ ఉంటె నేను కూసున్న కొమ్మ గిట్ల సక్కగ ఎందుకున్నది? నాకు సమజ్ కాలే!" అని బావగారు అడిగితే నాకు నిజంగానే ఒళ్లు మండేది. ఆ మంటంతా రికార్డయ్యేది. పిల్లలకు అదే నచ్చింది.

బావగారికి ఒక్క మాట కూడా ఒక్కసారికి సరిగా వచ్చేది కాదు. మరిచిపోయేవాడు, నవ్వేవాడు, నన్ను ఆటపట్టించేవాడు. అన్నిటికంటే పెద్ద గొడవ, మధ్యలో అక్క టీ తేవడం. అక్క పెట్టుకునే కుంకుమబొట్టు మామూలు బొట్టు కాదు. ఎదురుగా వస్తుంటే ముందు బొట్టు వచ్చేది, తర్వాత అక్క వచ్చేది. తలుపు తెరుచుకోగానే బావగారు చేతిలో కాగితం కింద పెట్టేసేవాడు. "ఆగుండ్రి, ఎర్ర సిగ్నల్ పడ్డది. ఇగ నేను కదల," అనేవాడు. అక్క సిగ్గుపడి టీ గ్లాసు ఆయన చేతిలో పెట్టి, "సాల్ తియ్, మస్తు మాట్లాడుతున్నవ్," అనేది. ఎన్నిసార్లు విన్నా సార్‌కు నవ్వాగేది కాదు, రికార్డింగు ఆపడం మరిచిపోయేవారు. అట్లా ఆ నవ్వులూ ఆ తిట్లూ టీ గ్లాసుల చప్పుడూ అన్నీ సర్వర్‌లోకి చేరాయి.

కిందటి ఎండాకాలం బావగారు పోయాడు. ఛాతీలో నొప్పిగా ఉందని తన ఆటో తనే నడుపుకుంటూ దవాఖానకు వెళ్లాడు. ఆటో ఒక్కటే తిరిగి వచ్చింది.

దినాల నాడు నేనూ సార్ హఫీజ్‌పేట్ వెళ్లాం. రైలు పట్టాల పక్కన ఖాళీ జాగాలో విస్తరి వేసి పిట్టకు పెట్టారు. కాకి వచ్చి ముట్టాలి. మన ఊళ్లో కాకులెక్కడున్నాయి? ఎటు చూసినా పావురాలే. పిలవని పేరంటానికి వచ్చినట్టు గుంపుగా దిగాయి. పెద్దమనుషులు తువ్వాళ్లు ఊపి వాటిని తోలడం, అవి ఒక చుట్టు చుట్టి మళ్లీ దిగడం. ఎండ మాడిపోతోంది. "ఏదో కోరిక మిగిలింది, గందుకే వస్తలేడు," అని ఒకావిడ అంది. "నీ పెండ్లాన్ని మేము మంచిగ చూసుకుంటం, ఫికర్ చెయ్యకు," అని బావగారి అన్న ఆకాశంలోకి చూసి మాటిచ్చాడు. అయినా రాలేదు. అక్క నా దగ్గరికి వచ్చి, "చెల్లె, నీ ఫోన్ల ఆయన కాకి కూత ఉన్నదా?" అని మెల్లగా అడిగింది. ఉంది. పెట్టాను. బావగారు గొంతెత్తి కావుకావుమన్నాడు. ఒట్టు, ఎక్కడి నుంచి వచ్చిందో గానీ ఒక కాకి వచ్చి తీగ మీద వాలింది. తల వంచి విన్నది. కిందకు దిగి ఇంత అన్నం ముట్టి ఎగిరిపోయింది. అందరూ దండం పెట్టారు. అక్క ఏడుస్తూనే పకపకా నవ్వేసింది. "సూశినవా, వాని కూత వానికే ముద్దు," అంది.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఆ మధ్యాహ్నమే వాళ్లింటి ముసలమ్మలు ఆమెను చాపమీద కూర్చోబెట్టి బొట్టు తుడిచారు. మేం చర్చికి వెళ్లేవాళ్లం, మా ఇళ్లల్లో ఆడవాళ్లకు మొదటి నుంచీ బొట్టుండదు. అందుకే ఆ తంతు నేను ఎప్పుడూ దగ్గరగా చూడలేదు. చూసి తట్టుకోలేకపోయాను. గట్టిగా అరవాలనిపించింది. నాకు అరవడం చేతకాని రోజు నా జీవితంలో అదొక్కటే.

అక్క మళ్లీ ఆఫీసుకు వచ్చింది. నుదురు బోసిగా ఉండేది. మధ్యాహ్నం భోజనమయ్యాక నా టేబుల్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, "చెల్లె, జర మాట్లాడిపియ్యి," అనేది. నేను హెడ్‌ఫోన్ ఆమె చెవులకు పెట్టి, బావగారు తప్పు చెప్పిన టేకుల్లో ఏదో ఒకటి పెట్టేదాన్ని. పూర్తయిన పాఠాలు ఆమెకు అక్కర్లేదు. అందులో ఉండేది కాకి. ఈ చెత్తలో ఉండేది ఆమె మొగుడు.

ఆ తర్వాత దసరా వచ్చింది. ఏటా ఆయుధపూజ అక్కే చేసేది. ఆ సంవత్సరం పళ్లెం తయారుచేసి సార్ చేతికిచ్చి, గోడవారన నిలబడింది. "నేను పెట్టొద్దు చెల్లె, మంచిగుండది," అంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నా నుదుట బొట్టుందా అక్కా? ఈ మిషన్లన్నీ నా చేతికిందే కదా బతుకుతున్నాయి! నువ్వు పెట్టకపోతే ఈ ఏడు పూజే లేదు," అన్నాను. సార్ కూడా పళ్లెం వెనక్కి ఇచ్చేసి, "మీ చెయ్యే అలవాటండీ వీటికి," అన్నారు. అక్క ముక్కు తుడుచుకుని మొదలుపెట్టింది. ప్రింటరుకు పెట్టింది, మైకుకు పెట్టింది, టీ కెటిల్‌కు పెట్టింది. చివరికి సర్వర్ దగ్గరికి వచ్చి, "ఆయన ఇండ్లనే గద ఉన్నడు?" అని అడిగింది. అవునన్నాను. గంధం మందంగా తీసి, దాని మీద కుంకుమ అద్ది, ముందు వైపు వరసగా ఉన్న ఒక్కొక్క డిస్కుకు మధ్యలో ఎంచి మరీ బొట్టు పెట్టింది. అంత పెద్ద బొట్టు. నేను చూసి సంబరపడ్డాను. ఎక్కడ పెట్టిందో చూడలేదు.

ఈలోపు సర్వర్ నిండిపోయింది. ఎందుకు నిండదు? మావాళ్లు ఏదీ పారేయరు. ఒక పాఠానికి 'ఫైనల్' అని ఒకటి, 'కొత్త ఫైనల్' అని ఒకటి, 'సార్ ఓకే అన్న ఫైనల్' అని ఒకటి. వీటికి తోడు సార్ కోకాపేట ఫ్లాటు గృహప్రవేశం వీడియో, మూడు కెమెరాలతో తీసింది, మొత్తం. క్రిస్మస్‌కు ముందు కొత్త పాఠాలు మొదలుపెట్టబోతే దాచుకోవడానికి చోటు లేదంది మిషన్.

"కొత్త డిస్కులెందుకండీ? ఆ కాకి తప్పు చెప్పిన టేకులు తీసేస్తే బోలెడు ఖాళీ అవుతుంది కదండీ," అన్నారు సార్.

"ముందు మీ గృహప్రవేశం తీసేస్తాను సార్. ఏ వైపు నుంచి చూసినా పొంగేవి పాలే కదండీ, మూడు వైపుల నుంచి ఎందుకు?"

సార్ ముఖం చిన్నబుచ్చుకున్నారు. తర్వాత అక్క కూర్చునే స్టూలు వైపు చూసి ఆయనకే అర్థమైంది. పెద్ద డిస్కులు నాలుగు తెప్పించారు. తెప్పిస్తూ, "ఏమన్నా తేడా వస్తే ఆ టేకులకు ఇంకో కాపీ లేదండీ. జాగ్రత్త," అన్నారు. నిజమే. పూర్తయిన పాఠాలకు వేరేచోట కాపీ ఉంది. బావగారి చెత్త ఉన్నది ఆ సర్వర్ పెట్టెలో మాత్రమే.

ఆ పెట్టె సంగతి అక్కకు ఒకసారి చెప్పాను. అందులో నాలుగు డిస్కులు పక్కపక్కన నిలబడి ఉంటాయి. మనం దాచిన ఏ వస్తువూ ఒక్కదాని దగ్గర పూర్తిగా ఉండదు, ముక్కలు చేసి నలుగురికీ పంచుతుంది. ఒకరి దగ్గరున్నది పోయినా మిగతా ముగ్గురూ లెక్కకట్టి చెప్పగలిగేలా పంచుతుంది. అందుకే చోటు పెంచాలన్నా ఇల్లు ఖాళీ చేయక్కర్లేదు. ఒక పాతదాన్ని తీసి ఒక పెద్దది పెట్టాలి. ముగ్గురూ కలిసి కొత్తదానికి దాని వాటా నేర్పుతారు. అది నేర్చుకున్నాక రెండోది మార్చాలి. అలా నాలుగూ మారాక చోటు పెరుగుతుంది.

"ఒకలు పోతె ఏం కాదన్నట్టు," అంది అక్క.

"ఏం కాదు."

"ఇద్దరు పోతె?"

"ఇద్దరు పోతే అంతే. ఇక ఏదీ రాదు."

మార్చే రోజు పొద్దున్నే వచ్చి స్క్రీన్ తెరిచి చూస్తే, నాలుగింటిలో ఒకటి ఎప్పుడో చచ్చి కూర్చుంది. అలాంటప్పుడు మిషన్ కీచుమని మొత్తుకోవాలి. కానీ ఆ కీచుమనడం మా రికార్డింగుల్లో పడుతోందని, నేను చేరకముందే ఎవరో దాని నోరు నొక్కేశారట. ఎవరో గానీ వాళ్లను నేను తలుచుకోని రోజు లేదు.

ముందు కాపీ తీసుకోవాలి కదా అని మీరంటారు. నేనూ అనుకున్నాను, మొదలుపెట్టాను కూడా. లేని నాలుగోవాడి ముక్కను ప్రతిసారీ లెక్కకట్టి చెప్పలేక మిషన్ ఆపసోపాలు పడింది. కాసేపటికి మొత్తం బిగుసుకుపోయింది. కాపీ ఆపేస్తే గానీ తెప్పరిల్లలేదు. ఆ మిషన్ అమ్మినవాళ్ల దగ్గర ఇలాంటివి చూసే అబ్బాయికి ఫోన్ చేశాను.

"దాన్ని అట్ల ఉరికియ్యకుండ్రి మేడమ్, ఇంకోటి గుడ పోతది. ముందు సచ్చినదాన్ని మార్చుండ్రి," అన్నాడు.

"మిషన్ ఆపి, అన్నీ బయటికి తీసి చూసుకోనా?"

"అమ్మో, ఆపకుండ్రి. పాత మాల్ మేడమ్. ఆపితే మల్ల లేస్తదో లేదో గ్యారంటీ లేదు. నడుస్తుంటెనే గుంజుండ్రి."

"సరే. రెండో నంబరు పోయిందని చూపిస్తోంది. అంటే ఎడమ నుంచి రెండోదేనా?"

"మన మిషన్లల్ల లెక్క సున్నా నుంచి మేడమ్. అంటే మూడోది." ఒక క్షణం ఆగాడు. "కొన్ని మిషన్లల్ల ఒకటి నుంచి."

"మరి మాది?"

"ఏమో మేడమ్."

నోటిదాకా వచ్చిన మాటను మింగేశాను. చచ్చినది రెండోదో మూడోదో తెలియదు. చచ్చినదాన్ని లాగితే బతికిపోతాం. బతికున్నదాన్ని లాగానా, ఇద్దరు పోయినట్టు. బావగారు ఇంకోసారి పోయినట్టు.

"దీపం సూడుండ్రి మేడమ్," అన్నాడు అవతల నుంచి. "డిస్కు మూతికి మధ్యల చిన్న దీపం ఉంటది. పచ్చగుంటె మంచిగున్నట్టు, నారింజ రంగుంటె సచ్చినట్టు."

ఆ మాట ముందే చెప్పి చావొచ్చు కదా అనుకుంటూ సర్వర్ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. దీపాలు లేవు. నాలుగు డిస్కుల మధ్యలో, సరిగ్గా దీపం ఉండే చోట, నాలుగు పెద్ద పెద్ద ఎర్రటి బొట్లు. దసరా నుంచి మిషన్ వేడికి ఎండీ ఎండీ రాయిలా గట్టిపడ్డాయి. ఫోన్‌లో అబ్బాయి "ఏం రంగుంది మేడమ్?" అని అడుగుతున్నాడు. "ఎరుపు," అన్నాను. "ఎరుపు ఉండది మేడమ్," అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

టీ తెస్తున్న అక్క నన్ను చూసి ఆగింది. నా చేతిలో తడిగుడ్డ ఉంది.

"గదేంది?"

"బొట్లు తుడవాలక్కా. కింద దీపాలున్నాయి, చూడాలి."

ఆమె టీ గ్లాసు కింద పెట్టి వచ్చి నాకూ సర్వర్‌కూ మధ్య నిలబడింది. "తుడవొద్దు."

"మళ్లీ పెడుదువుగాని అక్కా, తుడిచేసి చూడగానే మళ్లీ పెట్టుకో."

"పెట్టిన బొట్టు తుడుస్తరా ఎవరన్న? అరిష్టం. ఇంకేమన్న చెయ్యి."

ఇంకేమన్నా చేశాను. గది లైట్లు ఆర్పేసి చూశాను, టార్చి పక్క నుంచి కొట్టి చూశాను. మా అక్క చెయ్యి అంటే చెయ్యే, ఇసుమంత వెలుగు కూడా బయటికి రాలేదు. రెండోదే అయ్యుంటుందని నా మనసు చెబుతోంది. దాని పిడి మీద చెయ్యి వేశాను, తీశాను. మళ్లీ వేశాను. సార్ తలుపు సందులోంచి తొంగిచూసి, "అయిందాండీ?" అని అడిగారు. నేను చూసిన చూపుకు తలుపు దానంతటదే మూసుకుంది.

భయం ఎక్కువైతే నాకు కోపం వస్తుంది. ఆ రోజూ వచ్చింది. "ఏంటక్కా నీ చాదస్తం! నీకు బొట్టు కావాలా, బావగారు కావాలా?" అని అరిచేశాను.

ఆ మాట బయటికొచ్చాక తెలిసింది ఏమన్నానో. నాలుక కరుచుకున్నాను గానీ ఏం లాభం? అక్క నా వైపు చూడలేదు. సర్వర్ వైపే చూస్తూ, "రెండు గావాల్నని ఉండె చెల్లె," అంది. తర్వాత, "నా బొట్టు ఒకపారి తుడిచిన్రు. నేను ఏమనలే, కూసున్న. దసరానాడు నువ్వే కొట్లాడి నాతోని పెట్టించినవ్. మల్ల నువ్వే గుడ్డ వట్టుకొని తుడుస్తనంటవేంది?"

నాకు ఏడుపొచ్చేసింది. తడిగుడ్డ బకెట్లో పడేశాను. "తుడవనక్కా. పోతే పోనీ. నేనైతే తుడవను," అన్నాను. నిజంగానే అనుకున్నాను. ఇంకే దారీ తోచలేదు.

కాసేపు ఇద్దరం నేలమీద కూర్చున్నాం. మిషన్ మా పక్కన ఒగరుస్తూ తిరుగుతోంది. అక్క చెవి దాని వైపు పెట్టి విన్నది. "ఎట్ల రొప్పుతున్నడు సూడు," అంది. తర్వాత కొంగు నడుముకు దోపుకుని లేచింది.

"జరుగు."

"ఏం చేస్తావ్?"

"తుడుస్తలేను. తీసుకుంటున్న. గుళ్లె కుంకుమ తీస్కోమా?"

రెండో డిస్కు ముందు వంగి, ఎడమ అరచెయ్యి కింద పట్టి, గోటితో బొట్టును మెల్లగా పెకలించింది. ఎర్రటి పొడి అరచేతిలో రాలింది. కింద ఆవగింజంత దీపం. పచ్చగా వెలుగుతోంది. నేను చెయ్యి వేసి తీసిన డిస్కు అది. మూడోదాని బొట్టు పెకలించింది. నారింజ రంగు దీపం, దసరా నుంచీ ఆ బొట్టు కింద మొత్తుకుంటూ ఉందేమో, మినుకు మినుకుమంటోంది.

"ఇదేనా?" అంది.

"ఇదే."

"గుంజు."

గుంజాను. మిషన్ ఆగలేదు. పెద్ద డిస్కు లోపలికి తోశాను. అది కాసేపు ఆలోచించి తిరగడం మొదలుపెట్టింది. స్క్రీన్ మీద, నేర్చుకుంటున్నానన్నట్టు ఒక గీత కదిలింది. నేను గోడకు జారగిలబడి, "ప్రభువా, స్తోత్రం," అన్నాను, గట్టిగానే.

అక్క మాత్రం అరచెయ్యి అలాగే పట్టుకుని నిలబడి ఉంది. పూజ కుంకుమ కింద పడెయ్యకూడదు, కాళ్ల కింద పడకూడదు. అటు చూసింది, ఇటు చూసింది. పెట్టడానికి ఒక కాగితం ముక్క అయినా ఇద్దామని నేను లేవబోయాను. ఈలోపే ఆమె ఉంగరపు వేలు ఆ కుంకుమలో అద్ది, నుదుటి మీద పెట్టుకుంది. చిన్న చుక్క కాదు, పాత బొట్టంత బొట్టు.

నేను నోరు తెరిచి చూస్తున్నాను.

"ఏం సూస్తున్నవ్? ఎవరన్న ఏమన్న అంటె అననియ్యి. ఆయన మీద పెట్టిన కుంకుమ, నాకు గాకపోతె ఎవలకు?" అంది. తర్వాత అరచేతిలో మిగిలినది చూసుకుని, "నువ్వైతె పెట్టుకోవు."

"పెట్టుకోను."

"మరి గీ కొత్తదానికి పెట్టాల్నా వద్దా?"

"పెట్టు. ఇక్కడ, ఈ మూలకి. దీపం మీద పెట్టావంటే మాత్రం ఊరుకోను!"

"అబ్బో, పంతులమ్మ," అంది. మూలకే పెట్టింది.

ఆ రోజంతా ఆమె టీ పెట్టిన ప్రతిసారీ వచ్చి, "ఎందాక వచ్చిండు?" అని అడిగింది. దవాఖాన వరండాలో కూర్చున్నట్టే ఉందంది. ఇంటికి పోయే ముందు కూడా వచ్చి చూసి వెళ్లింది. మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి గీత చివరికి చేరి ఉంది, నాలుగు దీపాలూ పచ్చగా ఉన్నాయి. మిగతా రెండు బొట్లు కూడా తనే గోటితో తీసి మూలలకు మార్చిందట. ముందు కాపీ తీసుకున్నాను. ఈసారి మిషన్ కిక్కురుమనలేదు. తర్వాత ఒక్కొక్కటిగా మిగతావి మార్చాం, పెద్దవి నేర్చుకునేదాకా ఆగుతూ. చివరి రోజు చోటు పెరిగిందని స్క్రీన్ చెప్పగానే సార్ సంతోషంగా, "అయితే మా అబ్బాయి పుట్టినరోజు వీడియో కూడా అందులో పెట్టచ్చాండీ?" అని అడిగారు. ఆయన్ని ఏమన్నానో ఇక్కడ రాయను.

ఆ మధ్యాహ్నం అక్క స్టూలు వేసుకుని వచ్చి కూర్చుంది. నుదుట బొట్టుంది. ఆ రోజు నుంచి తియ్యలేదు. లోకల్ రైల్లో వాళ్లాయన మేనత్త ఒకామె చూసి ముఖం తిప్పుకుందట, తిప్పుకుంటే మెడ ఆమెదే కదా అని చెప్పి నవ్వింది. హెడ్‌ఫోన్ ఇవ్వబోతే వద్దంది. "పైకే పెట్టు చెల్లె, నువ్వు గుడ ఇను. ఇన్ని దినాలు భయపడ్డవ్."

పెట్టాను. నా గొంతు, చిరాగ్గా, "భూమి గుండ్రంగా ఉంటుంది," అంటోంది. బావగారు మరిచిపోయి గొంతు సవరించుకుంటున్నాడు. తలుపు కిర్రుమంది. గ్లాసుల చప్పుడు. కాగితం కింద పెట్టిన చప్పుడు.

"ఆగుండ్రి, ఎర్ర సిగ్నల్ పడ్డది. ఇగ నేను కదల."

సార్ నవ్వు, నా నవ్వు, లోపల అక్క సిగ్గు. బయట అక్క బొట్టు మీద చెయ్యి వేసుకుని మిషన్ వైపు చూసింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, మూతి మాత్రం నవ్వుతోంది.

"అబద్ధాలకోరు," అంది. "సిగ్నల్ దునికి పోయినవ్ గదరా."

నేను కొంగుతో మొహం తుడుచుకున్నాను. తర్వాత ఆమె స్టూలు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"ఇంకొక్కపారి పెట్టు చెల్లె."